సుదూర ధావనం - ఆత్మసాధన: ఒక పరిశీలన

"పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్లు త్రాగడం మేలు" అన్న సామెత తెలుగునాట వినని వారుండరు. ఈ సామెతలో పరుగుకు గౌరవం లేదు. ఆశకు లోబడినవాని ఆయాసమే అందులోని పరుగు. మన వాడుకలోని 'ఉరుకులు పరుగులు' కూడ తొందరపాటునే సూచిస్తుంది. స్థిరంగా కూర్చున్నవాడు జ్ఞాని, పరుగెత్తేవాడు అజ్ఞాని అన్న భావం మన మనస్సులలో బలంగా పాతుకొని ఉన్నది. అట్టి పరుగునే ఆరాధనగా, మానవుడు తన్ను తాను దాటిపోయే సాధనగా స్వీకరించినవారు లోకంలో ఉన్నారంటే వినడానికి వింతగా తోచవచ్చును.

ఈ విషయమై ఆలోచించడానికి మమ్ము పురికొల్పినది ఒక విద్యార్థి ప్రశ్న. మా డిగ్రీ తరగతుల విద్యార్థి ఒకడు పోలీసు కానిస్టేబుల్ ఎంపిక కోసం రెండేళ్లపాటు తెల్లవారుజామున లేచి పరుగు సాధన చేశాడు. ఎంపిక నాడు 1,600 మీటర్ల పరుగును నిర్ణీత కాలంలో ముగించలేకపోయాడు. తప్పిపోయినది కొన్ని సెకన్లలోనే. ఆనాటి నుండి అతడు మైదానానికి రావడం మానివేశాడు. కొన్నాళ్లకు తరగతికి కూడ రావడం తగ్గించాడు. వరండాలో ఎదురుపడినప్పుడు, "పరుగు మానేశావటగదా బాబూ!" అని పలకరించితిమి. "సెలెక్షన్ పోయింది సార్. ఇంక పరుగెందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా వద్ద అప్పుడు సమాధానం లేదు. ధైర్యవచనాలు నాలుగు చెప్పి పంపివేశాము. కాని ప్రశ్న మాత్రం మాతోనే ఉండిపోయింది. ఫలితం దక్కని పరుగునకు అర్థమేమి? ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

దేహం - దాని ఓపిక

మొదట మన దేహాన్ని గూర్చి కొంత తెలుసుకొనుట అవసరం. వేగంలో మానవుడు అల్పుడు. చిరుతపులి మాట అటుంచి, వీధికుక్కతో సైతం మనం కొద్ది దూరపు పరుగులో పోటీపడలేము. కాని దూరం పెరిగేకొద్దీ లెక్క మారిపోతుంది. దట్టమైన రోమాలు లేని మన చర్మమంతటా స్వేదగ్రంథులున్నవి. చెమట ఆరేకొద్దీ దేహం చల్లబడుతుంది. అధిక జంతువులకు ఈ సౌకర్యం లేదు. అవి రొప్పుతూ వేడిని విడువవలసినదే. మడమ వెనుకనున్న స్నాయువు స్ప్రింగువలె ప్రతి అడుగులోని శక్తిని కొంత దాచి మరల అందిస్తుంది. బ్రాంబుల్, లీబర్‌మన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 2004లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసంలో, దూరపు పరుగుకు అనువైన ఇట్టి లక్షణాలు మానవ పరిణామంలో ముఖ్యపాత్ర వహించినవని ప్రతిపాదించారు. వేగం మన సొత్తు కాదు. మనకు లభించినది ఓర్పు. దీనినే మనం ఉర్దూలో 'సబ్ర్' అంటున్నాము.

అయితే ఈ ఓర్పుకు ఒక హద్దు ఉన్నది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. కండరాలలోను, కాలేయంలోను నిలువయున్న గ్లైకోజెన్ అనేకులకు 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. కాళ్లు సీసపు దిమ్మెలవలె బరువెక్కుతవి. దీనిని పరుగువారు 'గోడ' అని పిలుస్తారు. అక్కడినుండి పరుగు కాళ్ల పనిగా మిగలదు, మనస్సు పని అవుతుంది.

దూరపు పరుగులో కొందరికి ఒక విధమైన ఆనందస్థితి కలుగుతుందన్నది కూడ అనుభవంలోని విషయమే. చాలకాలం దీనిని ఎండార్ఫిన్ల ప్రభావమని భావించారు. ఇటీవలి పరిశోధనలు దేహంలోనే తయారయ్యే మరొక తరగతి రసాయనాలైన ఎండోకానబినాయిడ్ల వైపు చూపుతున్నవి. కారణమేదైనను, ఈ ఆనందాన్నే భక్తియని పొరబడరాదు. అది దేహం ఇచ్చే బహుమానం మాత్రమే. ఆ బహుమానం ఆగిపోయిన పిమ్మట కూడ అడుగు ముందుకు పడుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. సాధన అక్కడినుండి ఆరంభమవుతుంది.

ఒక పాఠశాల చుట్టూ 5,649 చుట్లు

అట్టి సాధనకు నేటికాలపు ప్రసిద్ధ దృష్టాంతం అమెరికాలో కలదు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో, జమైకా అనే పేటలో థామస్ ఎడిసన్ పేరిట ఒక వృత్తివిద్యా పాఠశాల ఉన్నది. ఆ పాఠశాలను, దాని ఆటస్థలాన్ని చుట్టివచ్చే కాలిబాట పొడవు సుమారు 883 మీటర్లు. ఈ కాలిబాటపై 5,649 మారులు తిరిగితే 3,100 మైళ్లు, అనగా దాదాపు 4,989 కిలోమీటర్లు అవుతుంది. ఈ దూరాన్ని 52 దినాలలో పూర్తిచేయవలెను. దీని పేరే 'సెల్ఫ్ ట్రాన్సెండెన్స్' పరుగు. తన్ను తాను అతిక్రమించు పరుగు అని మనం చెప్పుకొనవచ్చును. 1996లో 2,700 మైళ్లతో మొదలై, 1997లో 3,100 మైళ్లకు పెరిగింది. 2020లో మహమ్మారి కారణంగా ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ నగరంలో జరిపారు.

ఉదయం 6 గంటలకు బాట తెరుస్తారు, అర్ధరాత్రి మూసివేస్తారు. 52 దినాలలో ముగియవలెనంటే దినానికి సగటున 96 కిలోమీటర్లు, అనగా 109 చుట్లకు కొంచెం తక్కువ తిరగవలెను. జపమాలకు 108 పూసలు, మన తస్బీహ్‌కు 99 పూసలు. ఇది కేవలం యాదృచ్ఛికమే అయినను, లెక్కించుకొంటూ ఒకే చోట తిరిగే ఆ అడుగులను చూచినప్పుడు మాలలు త్రిప్పే వ్రేళ్లు జ్ఞప్తికి రాక మానవు.

ఈ బాటలో కొండలు లేవు, నదులు లేవు, చూడదగిన దృశ్యమేదీ లేదు. ఒక ప్రక్క ఇనుపకంచె, ఒక ప్రక్క రోడ్డు, కాలిక్రింద కాంక్రీటు. బడి విడిచినప్పుడు పిల్లలు గుంపులుగా బాటపైకి వస్తారు. పరుగువారు వారిని తప్పించుకొని సాగిపోవలెను. ఒకే వైపు తిరిగితే ఒక కాలిపైననే భారం పడుతుంది కనుక దినం విడిచి దినం దిక్కు మారుస్తారు. కాళ్లు వాచి బూట్లు పట్టక, బూట్ల ముందుభాగాన్ని కత్తిరించుకొనేవారున్నారు. దినానికి 10,000 కేలరీల వరకు ఆహారం స్వీకరించవలసి వస్తుంది. అందుచేత తింటూనే నడుస్తారు. ఇంత చేసినవారికి ధనరూపమైన బహుమానమేదీ లేదు. ఒక చొక్కా, ఒక చిన్న జ్ఞాపిక, ఇంతే లభిస్తుంది.

ఫిన్లండు దేశీయుడైన అష్ప్రిహానల్ ఆల్టో 2015లో ఈ దూరాన్ని 40 దినాల 9 గంటలలో ముగించాడు. అంటే దినానికి 120 కిలోమీటర్లకు పైగా! స్లొవాకియాకు చెందిన కానీనికా జనకోవా 2017లో 48 దినాలలో పూర్తిచేసి స్త్రీలలో రికార్డు నెలకొల్పింది. అయినను మమ్ము ఎక్కువగా ఆకర్షించినది వీరికంటె సుప్రభా బెక్‌జోర్డ్ అనే అమెరికన్ మహిళ. తొలి 13 సంవత్సరాలు ఒక్క ఏడును విడువకుండ ఆమె ఈ పరుగులో పాల్గొన్నది. ఒకమారు చేయుట సాహసం. ప్రతి ఏటా అదే కాలిబాటకు మరల వచ్చుట నిష్ఠ. సాహసానికి చప్పట్లు దొరుకుతవి. నిష్ఠకు సాక్షి ఒక్క మనస్సే.

స్థాపకుని భావన

ఈ పరుగును నెలకొల్పిన శ్రీ చిన్మయ్, అసలు పేరు చిన్మయ్ కుమార్ ఘోష్, 1931లో నేటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ ప్రాంతంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, 1944లో పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమం చేరాడు. ఆ ఆశ్రమంలో ధ్యానంతోపాటు దేహశిక్షణకు కూడ సముచితస్థానం ఉండేది. ఆయన అక్కడ మంచి క్రీడాకారుడుగా రాణించాడు. 1964లో న్యూయార్క్ చేరి ధ్యానమార్గాన్ని బోధించాడు. 1977లో పరుగు పోటీలను నిర్వహించడానికి ఒక బృందాన్ని స్థాపించాడు. 2007లో మరణించాడు.

ఆయన బోధ సారాంశం సులభమైనదే. మనకు పోటీ ఇతరులతో కాదు, నిన్నటి మనతో. నిన్న మనం ఆగిన చోటును నేడు దాటుటయే ప్రగతి. దేహాన్ని తిరస్కరించి ఆత్మను పొందడం కాదు, దేహాన్నే వాహనంగా చేసికొని ముందుకు సాగవలెను. ఇందులో నూతనత్వం కంటె ప్రాచీనత ఎక్కువ. చిత్తవృత్తులను నిరోధించుటకు పతంజలి చూపిన రెండు ఉపాయాలు అభ్యాసం, వైరాగ్యం. ప్రతి దినం అదే బాటలో పరుగెత్తడం అభ్యాసం. చుట్టుప్రక్కల ఆకర్షణ ఏమియు లేని బాటను ఎన్నుకొనుట వైరాగ్యం.

ఈ గురువును గూర్చి భిన్నాభిప్రాయాలున్నవని కూడ నిష్పక్షపాతంగా చెప్పవలసియున్నది. ఆయన ఎత్తినట్లు శిష్యులు ప్రకటించిన బరువుల అంకెలను అనేకులు శంకించారు. పూర్వశిష్యులు కొందరు ఆయనపై తీవ్రమైన విమర్శలు గావించారు. ఒక మానవునికి సంపూర్ణంగా తన్ను అర్పించుకొనే పద్ధతిని మన విశ్వాసం అంగీకరించదు కూడ. కాని మంచి విషయం ఎక్కడ కనబడినను పరిశీలించి గ్రహించుట విద్యార్థి లక్షణం. వ్యక్తిని ప్రక్కనుంచి విషయాన్ని చూచినప్పుడు మనకు ఒక సందేహం కలుగుతుంది. నిన్నటి నన్ను నేడు నేను జయించితిని అని చెప్పుకొనే ఆ 'నేను' ఎవరు? ఇతరులను ఓడించినవాని గర్వం పైకి కనబడుతుంది కనుక దానిని ఖండించవచ్చును. తన్ను తాను ఓడించితినన్నవాని గర్వం లోపల దాగియుంటుంది. నఫ్స్ ముందు తలుపున వెళ్లగొట్టబడి పెరటి తలుపున మరల ప్రవేశించగలదు. ఈ సందేహానికి జపాను దేశంలోని ఒక పర్వతం కొంత సమాధానం ఇస్తున్నది.

హీయే పర్వతంపై వేయి దినాలు

జపానులోని క్యోటో నగరానికి ఈశాన్యదిశలో హీయే పర్వతం ఉన్నది. సైచో అను భిక్షువు 788లో అక్కడ స్థాపించిన ఎన్ర్యాకుజి ఆశ్రమం, బౌద్ధంలోని తెందాయ్ శాఖకు కేంద్రం. ఆ పర్వతంపై 'కాయ్‌హోగ్యో' అనే వ్రతం వేయి సంవత్సరాలకు పైగా వస్తున్నది. తొమ్మిదవ శతాబ్దికి చెందిన సోఓ అనే భిక్షువును దీనికి ఆద్యునిగా చెబుతారు. లోకం వీరిని 'మారథాన్ సన్యాసులు' అని పిలిచినను, నిజానికి వారు చేసేది పరుగుకంటె వడి నడక. చెప్పులు గడ్డితో అల్లినవి. వస్త్రాలు శవానికి కప్పే తెల్లని రంగువి. నడుమున కత్తి, త్రాడు ఉంటవి. వ్రతం మధ్యలో విడువవలసి వస్తే ప్రాణం విడువవలెనన్న పూర్వకాలపు నియమానికి అవి గుర్తులు.

పూర్తి వ్రతం ఏడు సంవత్సరాలలో వేయి దినాలు. మొదటి మూడేళ్లు ఏటికి 100 దినాలు, తరువాతి రెండేళ్లు ఏటికి 200 దినాలు, దినానికి సుమారు 30 కిలోమీటర్లు. ఆరవ ఏట 100 దినాలపాటు దినానికి 60 కిలోమీటర్లు. ఏడవ ఏట తొలి 100 దినాలు దినానికి 84 కిలోమీటర్లు, తుది 100 దినాలు మరల 30 కిలోమీటర్లు. అంతా కూడితే 38,000 కిలోమీటర్లు దాటుతుంది. అనగా భూగోళాన్ని ఒకమారు చుట్టివచ్చే దూరానికి ఇంచుమించు సమానం. బాటలో చెట్లు, రాళ్లు, గుడులు, సమాధులు మొదలైన రెండు వందలకు పైగా స్థలాలలో ఆగి ప్రార్థించవలెను. కనుక ఇది దూరాన్ని జయించే నడక కాదు, అడుగడుగునా తల వంచే నడక.

700 దినాలు ముగిసిన పిమ్మట కఠినమైన పరీక్ష వస్తుంది. తొమ్మిది దినాలు అన్నం లేదు, నీరు లేదు, నిద్ర లేదు, నడుము వాల్చుట లేదు. మంత్రజపం మాత్రమే సాగవలెను. ఆ దినాలలో ప్రతిరాత్రి రెండు గంటల వేళ సన్యాసి ఒక బావి వద్దకు నడచి నీరు తెచ్చి తన ఆరాధ్యమూర్తికి సమర్పిస్తాడు. నాలుక ఎండిపోయినవాడు నీటిని మోసికొని వస్తాడు. కాని త్రాగడు!

మన విషయానికి ముఖ్యమైనది దీని తరువాతి సంగతి. ఆ సంప్రదాయం ప్రకారం మొదటి 700 దినాల సాధన స్వహితం కోసం. తొమ్మిది దినాల పరీక్ష దాటిన తరువాతి సాధన పరహితం కోసం. 84 కిలోమీటర్ల నడకలో అతడు పర్వతం దిగి క్యోటో వీధులలోనికి వస్తాడు. ప్రజలు వీధి ప్రక్కన మోకరిల్లితే వారిని దీవిస్తూ సాగుతాడు. ఏకాంతంగా కొండపై మొదలైన నడక జనం మధ్యకు వచ్చి పూర్తి అవుతుంది. పెరటి తలుపున ప్రవేశించే అహంకారానికి ఆ పెద్దలు కనిపెట్టిన గడియ ఇదే అని మాకు తోస్తున్నది.

ఈ వ్రతాన్ని రెండుమారులు పూర్తిచేసిన సకాయ్ యూసాయ్ అనే సన్యాసి జీవితం ఓడినవారికి ఊరట కలిగించగలదు. యుద్ధానంతర జపానులో బ్రతుకుదెరువుకై అనేక పనులు చేసి విఫలుడై, భార్యను పోగొట్టుకొని, దిక్కుతోచని స్థితిలో ఆయన ఆ పర్వతం చేరాడు. అప్పటికి ఆయన యువకుడు కాదు. మొదటిమారు వ్రతం 1980లో, రెండవమారు 1987లో ముగిసింది. 2013లో మరణించాడు. ఇతడు పనికిరానివాడని లోకం ప్రక్కకు నెట్టిన మనిషికే ఆ బాట దారి ఇచ్చినది.

శోకం నుండి పరుగునకు మరలిన మన దేశీయుడొకడు కూడ స్మరణీయుడు. పంజాబులోని జలంధర్ జిల్లాలో పుట్టిన ఫౌజాసింగ్, 1994లో కుమారుని మరణంతో కుంగిపోయి, లండన్‌లో స్థిరపడి పరుగును ఆశ్రయించాడు. తన 89వ ఏట, 2000లో, లండన్ మారథాన్‌లో మొదటిసారి పరుగెత్తాడు. నెలలు నిండక పుట్టిన శిశువుల కోసం పనిచేసే సంస్థకు విరాళాలు సమకూర్చడానికే ఆయన పరుగెత్తాడు. జనన ధ్రువపత్రం లేనందున ఆయన వయస్సును రికార్డుగా గిన్నిస్ వారు నమోదు చేయలేదు. దానికి ఆయన పరుగు ఆగలేదు. 2025 జులైలో స్వగ్రామం వద్ద రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు. తన బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి పరుల బిడ్డల కోసం పరుగెత్తాడన్నది రికార్డుకంటె గొప్ప విషయం.

ఒక తల్లి పరుగు

ఇప్పుడు మన ఇంటి వద్దకు వద్దాము. పరుగు ఆరాధన కాగలదా అని ఎవరైన అడిగితే ముస్లిం విద్యార్థి ఆశ్చర్యపడవలసిన పని లేదు. హజ్, ఉమ్రాలలో సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుమారులు సాగే 'సయీ' అతడు ఎరిగినదే. ఆ పదానికి ప్రయత్నించుట, త్వరగా సాగుట అని అర్థాలున్నవి. ఆ రెండు గుట్టల మధ్య దూరం సుమారు 450 మీటర్లు. ఏడుమారులకు మూడు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. మధ్యలో ఆకుపచ్చ దీపాలతో గుర్తించిన భాగంలో పురుషులు పరుగువంటి నడకతో సాగుతారు. ఈ గుట్టలను గూర్చి పవిత్ర ఖుర్ఆన్‌లో, బఖరా సూరాలో ప్రస్తావన ఉన్నది.

దీని వెనుకనున్న వృత్తాంతం అందరికీ తెలిసినదే. హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం దైవాజ్ఞానుసారం తన సతి హజ్రత్ హాజిరాను, పసికందు హజ్రత్ ఇస్మాయీల్‌ను నిర్జనమైన లోయలో విడిచి వెళ్లారు. తెచ్చుకొన్న నీరు అయిపోయింది. దాహంతో బిడ్డ అల్లాడిపోతున్నాడు. ఆ తల్లి ఒక గుట్ట ఎక్కి చూచినది, ఎవరూ లేరు. దిగి పరుగెత్తి రెండవ గుట్ట ఎక్కినది, అక్కడా ఎవరూ లేరు. ఇట్లు ఏడుమారులు. చివరకు జమ్‌జమ్ జలం పైకి ఉబికివచ్చింది.

ఈ వృత్తాంతంలో మనం మూడు సంగతులు గమనించవలెను. మొదటిది, ఆ తల్లి తన్ను తాను అతిక్రమించవలెనని పరుగెత్తలేదు. 'నేను' అన్న ఆలోచనకే ఆమెకు తీరిక లేదు. ఆమె మనస్సు నిండ బిడ్డ దాహమే ఉన్నది. అందుచేతనే అహంకారం ప్రవేశించడానికి అక్కడ తలుపే లేకపోయినది. రెండవది, నీరు ఆమె పరుగెత్తిన గుట్టలపై దొరకలేదు. బిడ్డ ఉన్నచోటనే వెలువడినది. లెక్కప్రకారం చూస్తే ఆమె ఏడు పరుగులూ విఫలమైనవే. కాని ఆ విఫలమైన ఏడు పరుగులే ఆరాధనగా నిలిచినవి. ఫలితం ఇచ్చేవాడు వేరు. పరుగు మాత్రమే మన వంతు. మూడవది, నడువలేని వృద్ధులు, వికలాంగులు సైతం చక్రాల కుర్చీలో ఈ సయీని పూర్తి చేస్తారు. వారి సయీ కూడ సయీయే. దేహబలం ఇక్కడ కొలమానం కాదు, 'నీయత్' కొలమానం. సంకల్పం లేని నమాజు వట్టి కదలిక అయినట్లే, సంకల్పం లేని పరుగు వట్టి ఆయాసం.

ఇప్పుడు మూడు దృష్టాంతాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. న్యూయార్క్ కాలిబాట మనకు నిష్ఠను నేర్పుతున్నది. హీయే పర్వతం, ఆ నిష్ఠ స్వహితం నుండి పరహితానికి మరలవలెనని నేర్పుతున్నది. హజ్రత్ హాజిరా పరుగు, ఆ పరహితంలో 'నేను చేస్తున్నాను' అన్న తలపు సైతం మిగులరాదని నేర్పుతున్నది. తన్ను తాను దాటుట అనగా పెద్ద 'నేను'గా ఎదుగుట కాదు, ఇతరుల దాహం ముందు 'నేను'ను మరచిపోవుట.

విద్యార్థులకు నాలుగు మాటలు

ప్రియ విద్యార్థులారా! పైని విషయాలు చదివి మీరు రేపటినుండి వంద కిలోమీటర్లు పరుగెత్తవలెనని మా ఉద్దేశం కాదు. దేహం మనకు అప్పగించబడిన అమానత్. దానిని పాడుచేసుకొనే హక్కు మనకు లేదు. ఫజ్ర్ నమాజు పిమ్మట, ఎండ రాకముందు, అరగంట కాలం చాలును. ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లని వేగంతో మొదలిడవలెను. మాట రానంత ఆయాసం కలిగితే నడవవలెను. దూరాన్ని వారవారానికి కొద్దికొద్దిగా మాత్రమే పెంచవలెను. ఛాతీలో నొప్పి, కళ్లు తిరుగుట కలిగితే వెంటనే ఆగి వైద్యుని సంప్రదించవలెను. ఓర్పు అనగా ప్రమాదసూచనలను పెడచెవిని పెట్టుట కాదు.

పరుగెత్తేటప్పుడు చెవులలో పాటలు లేకుండ కొంతసేపు సాగి చూడండి. మొదట మనస్సు గొడవ చేస్తుంది. పరీక్షలు, ఉద్యోగాలు, ఇంటి ఇబ్బందులు, ఒకదాని వెనుక ఒకటి వస్తవి. కొంతసేపటికి శ్వాసకు, అడుగుకు ఒక లయ కుదురుతుంది. ఆ లయలో దైవనామం స్మరించుకొనేవారు స్మరించుకొనవచ్చును. ఏ మతమువారైనను తమ తమ పద్ధతిలో చేయదగిన సాధన ఇది. దీనికి మైదానం ఉంటే మంచిదే. లేకున్నను బడి చుట్టూనున్న బాట చాలునని న్యూయార్క్ పరుగువారు నిరూపించారు. మా కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. మన విద్యార్థినులు తెల్లవారుజామున నిర్భయంగా నడువగల, పరుగెత్తగల స్థలం కళాశాల ఆవరణలో ఏర్పాటు చేయగలిగితే అది గ్రంథాలయంలో ఒక కొత్త బీరువా చేర్చినంతటి పుణ్యకార్యం కాగలదు. ఒక స్త్రీ పరుగునే లక్షలాది పురుషులు భక్తితో అనుసరిస్తున్న సంప్రదాయం మనది. ఆడపిల్లలకు పరుగెందుకు అన్న మాట మన నోట రాకూడదు.

ఇక మా విద్యార్థి ప్రశ్న మిగిలినది. "సెలెక్షన్ పోయింది, ఇంక పరుగెందుకు?" బాబూ! ఉద్యోగం కోసం నీవు పరుగెత్తడం తప్పు కాదు. ఇంట్లో అమ్మకు, చెల్లెండ్రకు ఆధారం కావలెనన్న తలంపుతోనే ఆ రెండేళ్లు నిద్ర మానుకొన్నావు. అదియు ఒక దాహం కోసం చేసిన పరుగే. నీవు ఎక్కిన గుట్టపై నీరు కనబడలేదు. ఆ మాట నిజమే, దానిని కాదనము. కాని రెండేళ్లు చీకటిలో లేచిన ఆ పట్టుదల, ఊపిరి అందని చోట కూడ మరొక అడుగు వేసిన ఆ సబ్ర్, ఎంపిక అధికారి చేతిలోని గడియారంలో కొలువబడలేదు. అవి నీవద్దనే ఉన్నవి. వాటిని తరగతి గదికి తీసికొని రావచ్చును. మరల మైదానానికి తీసికొని పోవచ్చును. నీ తరువాత పరుగెత్తే కుర్రవానికి, నీవు పొరబడిన చోటు చూపించి, ఆ కొన్ని సెకన్లు మిగిల్చి ఇవ్వవచ్చును.

నిలబడి నీళ్లు త్రాగడం మేలన్నారు మన పెద్దలు. తనకోసమైతే ఆ మాట ముమ్మాటికి నిజం. కాని దాహం గొన్నది మరొకరైనప్పుడు నిలబడియుండుట తగదు. ఆనాటి ఆ తల్లి నిలబడలేదు. నీళ్ల కోసమే ఏడుమారులు పరుగెత్తినది.